తిరిగి చదవని మనిషి

పోయిన ఎండాకాలం దాకా మా నాయిన తాను రాసినది ఒక్క పేజీ కూడా తిరిగి చదువుకోలేదు. ఆయనకు అంత తీరిక ఎప్పుడూ దొరకలేదు. పాతికేళ్ళపాటు నెలకు ఒకటి, ఒక్కో నెల రెండు పాకెట్ నవలలు రాశాడు. సందు దొరికితే పిల్లల పత్రికలకు బొమ్మల కథలు. అంగారకుడి మీద తిరుగుబాట్లు, సముద్రం అడుగున పట్నాలు, మనుషుల జ్ఞాపకాలు దొంగిలించే యంత్రాలు. మూడు వందలు దాటాక లెక్కపెట్టడం మానేశాడని అమ్మ అంటుంది. అట్ట మీద పేరు మాత్రం ఆయనది కాదు, 'ప్రొఫెసర్ ఉల్క'. యేసయ్య అని వేస్తే అంతరిక్షం నవల ఎవరూ కొనరని పబ్లిషర్ పెట్టిన పేరది. ఆ ప్రొఫెసర్ ఇంటర్ తప్పిన మనిషని మేడ్చల్ బస్టాండు పక్క అద్దె పుస్తకాల షాపులో ఎవరికీ తెలియదు. కాలేజీ పిల్లలు కొత్త నవల కోసం ముందే పేర్లు చెప్పిపోతుంటే నాయిన పక్క హోటల్లో చాయ్ తాగుతూ వినేవాడట.

"ఎనక్కి జూస్తే చెయ్యి ఆగుతది బిడ్డా" అనేవాడు నాతో. "రాసిన కాయిదం బోర్లేసి పెట్టాలె. ఇంకోటి అందుకోవాలె."

తర్వాత టీవీలు వచ్చాయి. అద్దె షాపులు మూతపడ్డాయి. పబ్లిషర్ ప్రెస్సు అమ్ముకుని వెళ్ళిపోయాడు. నాయిన శామీర్‌పేట చుట్టూ వెలిసిన ప్లాట్ల వెంచర్లకు కరపత్రాలు రాయడం మొదలుపెట్టాడు. రింగు రోడ్డుకు పది నిమిషాలు, రేపటి నగరం మీ గుమ్మంలో. ఇది కూడా సైన్స్ ఫిక్షనే అని నవ్వేవాడు. లాల్‌గడి మలక్‌పేటలో మా రెండు గదుల ఇల్లు ఆ కరపత్రాలతో వచ్చిందే.

అమ్మ పేరు సారమ్మ. మిషన్ దవాఖానలో ఆయాగా చేసి రిటైరయింది. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది అమ్మే. ఆమె చదువుతుంటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారని మా సంఘంలో ఒక మాట ఉంది. అంత బాగా చదివే మనిషి నాయిన పుస్తకాల్లో ఒక్కదాన్నీ ముట్టదు. మంచం కింద అవి కట్టలు కట్టలుగా ఉండేవి. కట్టల చుట్టూ ఊడ్చేది గానీ చెయ్యి తగలనిచ్చేది కాదు. అట్టల మీద పొట్టి బట్టలు, తుపాకులు ఉన్న ఆడవాళ్ళ బొమ్మలు కదా, చర్చి మనిషికి నామోషీ అయి ఉంటుందని నేననుకునేదాన్ని.

మార్చి నెలలో సుచిత్ర అనే అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేట్ బషీరాబాద్‌లో రెండు గదులు తీసుకుని పిల్లలకు బొమ్మల కథల పుస్తకాలు వేస్తోందట. నాయిన కథలకు అప్పట్లో బొమ్మలు గీసిన ఫణిభూషణ్ గారు అడ్రసు ఇచ్చారు. నేను ఆ రోజు నాగారం నుంచి అమ్మానాయినలను చూడ్డానికి వచ్చి ఉన్నాను. మా ఆయనా నేనూ ఉండేది నాగారంలోనే. అక్కడి సర్కారు బడిలో సైన్సు చెబుతాను.

సుచిత్రకు కావలసింది ఇనపయ్య. నాయిన సృష్టించిన మరమనిషి వాడు. జొన్నరొట్టె వాసన పట్టగలడు, అబద్ధం చెప్పలేడు. చిన్నప్పుడు ఆ అమ్మాయి ఇనపయ్య కథలన్నీ చదివిందట. ముప్పై రెండు పేజీల కొత్త కథ ఒకటి రాసిమ్మని అడిగింది. ఒక్క వారం చాలన్నాడు నాయిన. వయసు డెబ్బై నాలుగు.

వెళ్ళేముందు చెప్పులు తొడుక్కుంటూ సుచిత్ర నాతో అన్నది: "ఒక్కటే అర్థం కాకపోయేది అక్కా. సార్ కథలల్ల చిన్నపిల్లలు ఎవ్వరూ ఇల్లు చేరరు. తప్పిపోతరు, లేకుంటే సచ్చిపోతరు. ఏడ్సుకుంటనే మల్లొకటి తెచ్చుకునేటోళ్ళం."

నాయిన అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ చాయ్ గ్లాసులు తీస్తూ ఉంది. ఆ మాట విన్నదో లేదో నాకు తెలియలేదు.

ఆ వారం దాటక ముందే, ఆదివారం ఆరాధనలో పాట మధ్య నాయిన కూర్చుండిపోయాడు. తల తిరుగుతోందన్నాడు. కొంపల్లి వైపు ఒక ఆస్పత్రిలో చేర్చాం. మెదడులో ఒక చిన్న నరానికి రక్తం అందలేదన్నారు. అదృష్టమేమిటంటే కాలూ చెయ్యీ పడలేదు, మాట పోలేదు. కుడివైపు చూపు కొంచెం తగ్గిందన్నారు, అంతే. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని దేవునికి స్తోత్రం చెప్పింది. మా బడికి సెలవులు ఇవ్వగానే నేను బట్టలు సర్దుకుని వచ్చేశాను. జూన్ దాకా ఇక్కడే ఉంటానని ఇంట్లో చెప్పాను.

నేను వచ్చేసరికి నాయిన రాయడం మొదలుపెట్టేశాడు. వరండాలో కుర్చీ, ఒళ్ళో అట్ట, పక్కన స్టూలు మీద బోర్లించిన కాగితాలు. ఎదురుగా ఒకప్పటి మక్క చేను. ఇప్పుడది తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ళ వరసలు. ఎండ ఆ రాళ్ళ మీద పడి కళ్ళు చెదిరేవి. చెయ్యి మునుపటి లాగే పరుగెత్తుతోంది. చూసి నా మనసు కుదుటపడింది.

ఒకటి రెండు చిన్న విషయాలు నేను పట్టించుకోలేదు. పేపరు వస్తే మడత విప్పకుండా పక్కన పెట్టేవాడు. మందుల డబ్బా అమ్మ చేతికిచ్చి ఏది వేసుకోవాలో అడిగేవాడు. కళ్ళజోడు మార్చాలని అంటుండేవాడు.

ఏప్రిల్ ఆఖరులో సుచిత్ర మొదటి పన్నెండు పేజీలు తీసుకుపోయింది. మూడో రోజున ఆ కాగితాలతోనే మళ్ళీ వచ్చింది. పంక్తులు కిందికి జారి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, కొన్ని చోట్ల మాట తెలియడం లేదన్నది. ఒక పేజీ నాయిన చేతికిచ్చి, వేలు పెట్టి, ఈ మాట ఏమిటి సార్ అని అడిగింది.

నాయిన కాగితం దగ్గరికి పెట్టుకున్నాడు. దూరం పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. చెమట చెంపల మీదుగా కారింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"నువ్వే చదువు" అన్నాడు చివరికి.

"తెలుస్తలేదు సార్, అందుకే అడుగుతున్న."

నాయిన నా వైపు చూశాడు. ఆయన ముఖంలో భయం చూడ్డం నాకదే మొదలు. తర్వాత కాగితం మెల్లగా ఆమెకు తిరిగిచ్చేశాడు.

"గిది నేను రాసింది కాదు" అన్నాడు.

నేను సుచిత్రకు ఏదో సర్దిచెప్పి పంపాను. వాకిట్లో స్కూటీ చప్పుడు దూరమయ్యాక ఆయన దగ్గర కూర్చుని, ఏమవుతోంది నాయినా అని అడిగాను. చెప్పడానికి కొంత సమయం పట్టింది. అక్షరాలు కనబడుతున్నాయట. గుండ్రాలు, కొమ్ములు, దీర్ఘాలు అన్నీ కనబడుతున్నాయి. అవి ఏమిటో తెలియడం లేదు.

"మద్రాసుల దిగి బస్సు బోర్డు జూసినట్టున్నది బిడ్డా. దవాఖానల లేచిన కాడికెళ్ళి గంతే. చెయ్యేమో రాస్తాంది. రాసినంక అది నాది కాదు."

మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఒక కాగితం మీద నాయిన చేత పేరు రాయించాడు. చక్కగా రాశాడు. ఇది చదవండి అన్నాడు. నాయిన చదవలేకపోయాడు. తన పేరే. ఇట్లాంటివి అరుదుగా జరుగుతాయని, రాసే దారి బాగానే ఉండి చదివే దారి మాత్రం తెగిపోతుందని, కొందరికి కొంత తిరిగి వస్తుందని, కొందరికి రాదని డాక్టరు చెప్పాడు. దారి పొడుగునా నాయిన ఆటోలోంచి దుకాణాల బోర్డులు చూస్తూ కూర్చున్నాడు. నేను వాటిని చదివి వినిపించబోయి ఆగాను.

ఇంటికి వచ్చాక అమ్మతో చెప్పాను. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పెసరపప్పు పొయ్యి మీద పెట్టింది. ఆ రాత్రి ప్రార్థనలో ఆయన కళ్ళ గురించి అడగలేదు. అడుగుతుందని ఎదురుచూసి నేను గమనించాను.

మర్నాటి నుంచి ఆయన రాస్తే నేను చదివి వినిపించాలని ఒప్పందం. అప్పుడొక వింత జరిగింది. జీవితంలో మొదటిసారి నాయిన తన వాక్యాలు తాను విన్నాడు.

మొదటి పేజీ చదవడం అయిపోగానే, ఇట్లనే ఉంటుందా నేను రాసేది, అని అడిగాడు. ఇట్లాగే ఉంటుందన్నాను. రెండు పేరాలు తీసేయమన్నాడు. మరునాడు మొత్తం పేజీ తీసేయమన్నాడు. పిల్లవాడు భయపడ్డాడని ఎందుకు చెప్పాను, భయపడ్డట్టు చూపించలేదేం అని తనమీద తానే విసుక్కున్నాడు. నెలకు రెండు నవలలు రాసిన మనిషి ఒక్క పేజీ మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. మధ్యలో నా చదువు మీద కూడా కోపం వచ్చేది. "పాఠం జెప్పినట్టు చదువకు బిడ్డా. పరీక్షల అడుగుతవేమో అనిపిస్తాంది." నిజమే. పదిహేనేళ్ళుగా నాకు అలవాటైన గొంతు అదొక్కటే.

కథ ఇది. శని గ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు చందమామ మీద చిన్న స్టేషను. అందులో ఒక పిల్లవాడు, ఇనపయ్య, ఇద్దరే మిగులుతారు. గాలి అయిపోతూ ఉంటుంది. బయట కబుర్లు పంపే కమ్మీ వంగిపోయి భూమికి కబురు అందడం లేదు. పిల్లవాడు దాన్ని సరిచేయడానికి బయటికి పోవాలి. ఇనపయ్య పోలేడు, ఆ చలికి వాడి కీళ్ళు బిగుసుకుపోతాయి. ఇంకా పది పేజీలు మిగిలి ఉన్నాయి.

మే నెల నడిమిలో టీచర్లకు శిక్షణ పెట్టారు. కీసరకు పోయి రావాలి, పొద్దున పోతే సాయంత్రం. నాయినకు రాసిన వెంటనే వినాలి. సాయంత్రం దాకా ఆగితే, పొద్దున రాసింది చల్లారిపోయేది. రెండు రోజులు ప్రయత్నించి ఊరుకున్నాడు. వరండాలో అట్ట ఒళ్ళో పెట్టుకుని హద్దురాళ్ళను చూస్తూ కూర్చునేవాడు. అన్నం సగంలో వదిలేసేవాడు.

నేను అమ్మను అడిగాను. పగటిపూట నువ్వు చదివి వినిపించరాదా, నీకంటే బాగా చదివేవాళ్ళు ఎవరున్నారు అన్నాను. అమ్మ చదవనన్నది. ఈ కథలో ఆడవాళ్ళ బొమ్మలూ లేవు, తుపాకులూ లేవు, చిన్నపిల్లల కథ అని నచ్చజెప్పబోయాను. అమ్మ చేతిలోని చాట కింద పెట్టింది.

నాకంటే ముందు ఒక అన్న పుట్టి, ఆరేళ్ళవాడై, మెదడువాపు జ్వరంతో పోయాడని నాకు తెలుసు. పేరు ఫిన్నీ. మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళు కాదు, నేనూ అడగలేదు. ఆ రోజు అమ్మే చెప్పింది. ఫిన్నీకి కొత్త చెప్పులు కొన్నారు. వాడికి అవంటే ఎంత ఇష్టమంటే తలకింద పెట్టుకుని పడుకునేవాడు. తీసేస్తే లేచి వెతుక్కునేవాడు. జ్వరంలో కూడా అవి తలకిందే ఉన్నాయి. వాడు పోయి నెల తిరగకముందే నాయిన కొత్త నవల బజారులోకి వచ్చింది. దవాఖానలో ఒక నర్సమ్మ చదివి, సారమ్మా, ఇందులో మీ పిల్లగాడు ఉన్నాడు అని తెచ్చిచ్చింది. అంతరిక్ష నౌక ఎక్కి తిరిగి రాని ఒక పిల్లవాడు. చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటాడు.

"రెండు పేజీలు చదివిన" అన్నది అమ్మ. "వానికి మట్టి ఇచ్చి వచ్చిన చేతులతోటే రాసిండు. నా కొడుకు చెప్పులు తీస్కపోయి బస్టాండుల అమ్మకానికి పెట్టిండు. నేనేం అడగలె. ఆయనేం చెప్పలె."

అప్పటి నుంచీ అడగలేదు. నలభై ఏడేళ్ళు ఒకే కప్పు కింద వండి పెట్టింది, జ్వరాలకు తడిగుడ్డ వేసింది, ఆయన పబ్లిషరుకు కట్టిన కట్టలు బస్సుదాకా మోసింది. అది మాత్రం అడగలేదు. నాయినను అడుగుదామా అని వరండాలోకి చూశాను. ఆయన కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. ముసలివాడై కనబడ్డాడు. అడగలేదు.

శిక్షణ అయిపోవడానికి ముందు రోజు, వడగాలి ఎక్కువై మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. నేను గేటు తీస్తుంటే అమ్మ గొంతు వినిపించింది. చర్చి గొంతు. పక్కింటివాళ్ళెవరైనా ప్రార్థనకు వచ్చారేమో అనుకున్నాను. రెండడుగులు వేసేసరికి మాటలు తెలిశాయి.

"ఇనపయ్య తన ఛాతీ మీది దీపం ఆర్పేశాడు. మిగిలిన వెలుగు బాబుకు ఉండాలి."

కీర్తన చదివినట్టే చదువుతోంది. తొందర లేదు, నాటకం లేదు, ప్రతి మాటకూ దాని చోటు ఇస్తోంది. నాయిన కళ్ళు మూసుకుని వింటున్నాడు. పేజీ చివర అమ్మ అలవాటు కొద్దీ ఒక్క క్షణం తల వంచింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, "గంత సలిల పిల్లగానికి దుప్పటన్న లేదా" అని అడిగింది. లేదు, పెడతానన్నాడు నాయిన. అట్ట అందుకుని అప్పుడే పెట్టాడు.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక వాకిలి నుంచి లోపలికి పోయాను.

ఇదెట్లా జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది. మందు ఇవ్వడానికి వరండాలోకి పోయిందట. నాయిన రాసిన కాగితం మీద వేలు పెట్టి, సిరా తడి అంటుతోందా లేదా అని తడుముతున్నాడు. సారా, నువ్వు చదవొద్దు, పంక్తులు ఒకదాని మీద ఒకటి పడ్డయా లేదా ఒక్కటి జూసి చెప్పు అన్నాడట. అమ్మ చూసింది. "జూసినంక కండ్లు ఊకుంటయా" అన్నది నాతో. అంతకు మించి చెప్పలేదు.

శిక్షణ ముగిసింది. నేను ఇంట్లోనే ఉన్నా మళ్ళీ చదవమని నన్నెవరూ అడగలేదు. నాయిన పొద్దున రాసేవాడు. నేను కాగితాలకు అంకెలు వేసి వరుసలో పెట్టేదాన్ని. భోజనాలయ్యాక, వీధిలో కుక్క కూడా తిరగని వేళ, అమ్మ వరండాలో ముక్కాలిపీట వేసుకుని చదివేది. నాయిన దిద్దేవాడు. అట్లా మిగిలిన మే నెల గడిచింది.

చివరి పేజీ రాసిన రోజు నాయిన తొందరగా లేచిపోయాడు. నేను అంకె వేస్తూ చదివాను. బాబు బయటికి పోతాడు. కమ్మీ సరిచేస్తాడు. భూమికి కబురు అందుతుంది. తిరిగి వచ్చే దారిలో గాలి అయిపోతుంది. మంచు మీద కూర్చుని శని గ్రహం ఉంగరాలు చూస్తూ ఉండిపోతాడు. ఇనపయ్య తలుపు వెనక నుంచి పిలుస్తూ ఉంటాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు కనుక, వస్తున్నావా అని మాత్రమే అడుగుతూ ఉంటాడు.

బాగుంది. నాయిన రాసిన వాటిలో నేను చదివినంతలో అంత బాగున్నది లేదు. కానీ మధ్యాహ్నం దీన్ని అమ్మ చదవాలి. కాగితం దాచేద్దామా, నేనే చదువుతానని అడుగుదామా అనుకున్నాను. దాచినా, రాసిన మనిషికి తెలియదా. కట్టలో అడుగున పెట్టి ఊరుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ మొదలుపెట్టింది. నేను లోపల మామిడికాయ ముక్కలు తుడుస్తూ కూర్చున్నాను. బాబు బయటికి పోయాడు. కమ్మీ సరిచేశాడు. కబురు అందింది. అమ్మ గొంతు ఒక్కసారి ఆగింది. కాగితం మార్చిందేమో అనుకోవడానికి లేదు, అదే చివరి కాగితం. మళ్ళీ మొదలైనప్పుడు గొంతు అంతకు ముందు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"బాబు వెనక్కి తిరిగి నడిచాడు. మంచులో తన అడుగుల మీదే అడుగులు వేసుకుంటూ నడిచాడు. ఇనపయ్య తలుపు తీసే ఉంచాడు. బాబు లోపలికి వచ్చాడు."

ఆ మాటల్లో ఒక్కటీ ఆ కాగితం మీద లేదు.

నా చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. కాగితం మీద ఏముందో చదవలేకపోయినా, తానేం రాశాడో నాయినకు తెలుసు. పొద్దున రాసిన మాటలవి. లేచి చూశాను. అమ్మ తల వంచలేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని నాయిన ముఖం వైపే చూస్తోంది.

"తలుపు తీసే ఉంచిండా?" అన్నాడు నాయిన.

"తీసే ఉంచిండు."

"గట్లుంచితే లోపలి గాలంత పోతది సారా."

"పోనియ్" అన్నది అమ్మ. "పిల్లగాడు రావాలె గద."

నాయిన ఆలోచించాడు. కోపం లేదు. ఎట్లా కుదురుతుందా అని చూసే పనివాడి ముఖం. చేత్తో గాలిలో ఒక గీత గీశాడు, కొంచెం ఎడంగా ఇంకొకటి గీశాడు.

"రెండు తలుపులు పెడ్త" అన్నాడు. "బయటిది తీసి ఉంటది. పిల్లగాడు వచ్చినంక అది మూసి లోపలిది తీస్తడు. నడుమ జాగల ఇనపయ్య నిలబడతడు."

"కీళ్ళు వట్టుకుపోవా?"

"పోతయ్. నిలబడతడు."

అమ్మ కాగితాలు సరిగ్గా పేర్చి స్టూలు మీద పెట్టి, చాయ్ పెట్టడానికి లోపలికి వచ్చింది. నన్ను దాటుకుని పోయింది. గ్యాసు వెలిగించేటప్పుడు రెండు పుల్లలు ఆరిపోయాయి. నేను లేచి వెలిగించాను.

మర్నాడు నాయిన ఆ పేజీ మళ్ళీ రాశాడు. పాతదాన్ని నా చేతికిచ్చి, ఇది అక్కరలేదన్నాడు. అమ్మ కొత్తది చదివింది. ఈసారి కాగితం మీద ఉన్నదే చదివింది. నేను లోపల నుంచి లేచివచ్చి ఆమె భుజం మీదుగా చూస్తూ విన్నాను.

సుచిత్ర వచ్చి మొత్తం పట్టుకుపోయింది. రెండు రోజులకు ఫోను చేసింది. ఫణిభూషణ్ గారు బొమ్మలు మొదలుపెట్టారని, చివరి పేజీ చదివి ఆ పెద్దాయన, ఇది యేసయ్య రాసిందేనా అని అడిగారని చెప్పింది. నేనేమని చెప్పాలో తెలియక, ఆయన చేతిరాతే కదా అన్నాను.

జూన్ మొదట్లో వాన పడింది. ఎదుటి హద్దురాళ్ళ మీది సున్నం కొంత కరిగి ఎర్రమట్టిలో చారలు కట్టింది. బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. ఒక పొద్దున నేను బట్టలు సర్దుకుంటుంటే నాయిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, మేడ్చల్ పోదాం, ఆటో పిలువు అన్నాడు. ఎక్కడికని అడిగితే, సమాధుల కాడికి అన్నాడు.

ప్రతి సంవత్సరం అమ్మ అక్కడికి ఒక్కతే పోయేది. సమాధి కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తి పెట్టి వచ్చేది. ఆ వేళకు నాయినకు ఎప్పుడూ రాయాల్సింది ఉండేది. ఆ పొద్దున అమ్మ ఆయన వైపు ఒక్కసారి చూసి, చెంబూ గుడ్డా సంచిలో పెట్టుకుని ముందుగా వెళ్ళి ఆటోలో కూర్చుంది.

వానకు గడ్డి మొలిచింది. అమ్మ దారి చూపిస్తుంటే నాయిన కుడివైపు సమాధులు తగలకుండా నా చెయ్యి పట్టుకుని నడిచాడు. గోడ దగ్గర చిన్న రాయి. నేను చెంబులో నీళ్ళు తెచ్చాను, అమ్మ కడిగింది. నాయిన వంగి, కష్టంగా మోకాళ్ళ మీద కూర్చుని, రాతి మీద అక్షరాల లోతుల్లో వేలు పెట్టి పోనిచ్చాడు. గుండ్రాలు, కొమ్ములు. తలెత్తాడు.

"ఏమున్నది ఇందుల?"

అమ్మకు చదవాల్సిన పని లేదు, కంఠతా వచ్చు. అయినా కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, రాయి వైపు చూస్తూ చదివింది.

"ఫిన్నీ. యేసయ్య, సారమ్మల బిడ్డ. ఆరేళ్ళు మా ఇంట ఆడుకొని తండ్రి ఇంటికి చేరినాడు."

నాయిన వేలు చివరి అక్షరం దాకా పోయి ఆగింది.

"మంచిగున్నది. ఎవలు రాసిన్రు?"

"నువ్వే" అన్నది అమ్మ. "రాయి చెక్కేటోడు అడిగితే గీడనే నిలబడి రాసిచ్చినవ్. ఇచ్చి మల్ల చూడకుంట పోయినవ్."

గేటు దగ్గర ఆటో అతను హారన్ కొట్టాడు. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. నాయిన వేలు ఇంకా రాతి మీదే ఉంది.

"ఇంకోసారి చదువు సారా" అన్నాడు.

అమ్మ ఆయన పక్కనే తడిగడ్డిలో కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని, వేలును మొదటి అక్షరం మీద పెట్టి, దాన్ని కదుపుతూ, ఒక్కొక్క మాటే చదవడం మొదలుపెట్టింది.